సిద్దిపేటలో ఆరు రోజుల పరిచయం

నేను సిద్దిపేట వెళ్లింది, అప్పటికే రాసి పంపేసిన ఒక అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి.

విదేశంలో ఒక విశ్వవిద్యాలయంలో, అంతర్జాతీయ అభివృద్ధి అధ్యయనాల విభాగంలో నాకు పీహెచ్‌డీ సీటు వచ్చింది. బీద దేశాల్లో జనం ఎలా బతుకుతున్నారు, వాళ్ల పేరు మీద పెట్టిన పథకాలు చివరికి ఏమవుతున్నాయి అని చూసే చదువు అది. సీటు జనవరిలోనే వచ్చింది. కానీ అక్కడ సీటు వేరు, డబ్బు వేరు. ఫీజూ, నాలుగేళ్ల ఖర్చూ ఇచ్చే ఫెలోషిప్పుకి మళ్లీ ఇంకో ఇంటర్వ్యూ ఉంటుంది. అది రాకపోతే సీటు ఇచ్చిన ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవడమే.

మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల మీద పనిచేసి తిరిగొచ్చిన సిద్దిపేట నేత కుటుంబాల మీద పరిశోధన చేస్తానని దరఖాస్తులో రాశాను. 'ఈ కుటుంబాలతో నాకు చిరకాల పరిచయం ఉంది' అని కూడా రాశాను. నాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. సిద్దిపేట ఎప్పుడూ చూడలేదు. నాకున్న పరిచయమల్లా చదివిన నాలుగు వ్యాసాలు, పాత సహోద్యోగి ఒకాయన ఇచ్చిన ఫోన్ నంబరు. మార్చిలో ఫెలోషిప్పు వాళ్ల నుంచి కబురు వచ్చింది. ఫలానా గురువారం మధ్యాహ్నం ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ, ఈలోగా మీరు పరిశోధన చేయబోయే చోటి నుంచి ఒక పరిచయ లేఖ పంపండి అని.

విశాఖలో నేను పనిచేసే సంస్థలో వారం సెలవు పెట్టాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఒక్క వాక్యం గురించి కూడా చెప్పాల్సి వస్తుంది.

జీరో టికెట్టు

శనివారం పొద్దున హైదరాబాదులో జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్లే. తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా అని అచ్చయిన టికెట్టు చేతిలో పెడుతుంది. దాన్ని జీరో టికెట్టు అంటారు.

కండక్టరమ్మ నా కార్డు తిప్పి చూసింది. "ఇది ఆంధ్రది గద మ్యాడం. గీడ నడ్వదు. నూటయాభై ఇయ్యిండ్రి."

ఇచ్చాను. పక్క సీటావిడ నా చేతిలోని టికెట్టూ తన చేతిలోదీ చూసి జాలిగా నవ్వింది. మగవాళ్లని వదిలేస్తే ఆ బస్సులో టికెట్టు కొన్నది నేనొక్కదాన్నే. కండక్టరు తప్పేమీ లేదు. అయినా ఆ చిన్న కాయితం ముక్క చూసుకుంటే అందరిలోనూ వేరుచేసి కూర్చోబెట్టినట్టే అనిపించింది.

గజ్వేల్ దాటేదాకా పక్కావిడ ఫోన్లో తన చెల్లెలితో మాట్లాడింది. "ఏందే, గట్లనే ఉంటడా? బుద్ధి చెప్పరాదు?" అంటూ గలగలా పారింది ఆ మాట. ఫోను పెట్టేసి నావైపు తిరిగేసరికి భాష మారిపోయింది. "మీరు ఎక్కడికి వెళ్తున్నారండి?" టీవీలో వార్తలు చదివేవాళ్లలాగా. మర్యాదకే అలా మాట్లాడింది. కానీ ఆ వారమంతా ఇదే జరుగుతుందని అప్పుడు నాకు తెలీదు. నేను నోరు తెరవగానే అవతలివాళ్లు చాలామంది తమ మాట లోపల పెట్టేసి, చుట్టాలకు దాచిన పింగాణీ ప్లేట్లు తీసినట్టు ఇంకో తెలుగు బయటికి తీసేవాళ్లు.

నాలుగు మంచాల గది

బస్టాండు దగ్గర లాడ్జీలో కౌంటరు దగ్గరున్నతను నా వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"ఒక్కరేనా మ్యాడం?"

"ఒక్కదాన్నే."

"ఒక్క లేడీస్‌కు రూం ఇయ్యం. ఓనర్ ఒద్దన్నడు. ఫ్యామిలీ అయితే ఇస్తం."

రెండో లాడ్జీలోనూ అదే మాట. సహోద్యోగి ఇచ్చిన నంబరుకు చేస్తే, ఆ నంబరు వాడకంలో లేదని చెప్పింది రికార్డు గొంతు. సంచీ మోసుకుంటూ ఒక టీ బండి దగ్గర నిలబడ్డాను. రోడ్లు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. టీ పోసే ఆవిడే ఎదురుగా ఉన్న మేడ చూపించింది. సర్కారు ఉద్యోగాలకు చదువుకునే ఆడపిల్లల హాస్టలు. రోజుకు మూడు వందలు, తిండితో కలిపి.

గదిలో నాలుగు మంచాలు. మూడింటి మీద ముగ్గురమ్మాయిలు ముఖాలు గోడలకు తిప్పుకుని చదువుతున్నారు. గోడల నిండా వాళ్లు రాసుకున్న టైంటేబుళ్లు. నేను వెళ్లి నాలుగో మంచం మీద కూర్చున్నా ఎవరూ తల తిప్పలేదు. పొగరేమీ కాదది. తల తిప్పితే ఒక నిమిషం పోతుంది.

భోజనాల దగ్గర మాత్రం స్వప్న పలకరించింది. దుబ్బాక దగ్గర పల్లె ఆమెది. ఎమ్మెస్సీ, బీయీడీ చేసింది. ఆరేళ్లుగా ఆ హాస్టల్లోనే ఉంది.

"ఏ గ్రూపుకు ప్రిపేర్ అవుతున్నారు అక్కా?"

"పీహెచ్‌డీకి. ఫెలోషిప్పు ఇంటర్వ్యూ ఉంది."

"అది అయ్యాక పోస్టింగ్ ఎక్కడ ఇస్తారు?"

"పోస్టింగ్ ఉండదమ్మా."

స్వప్న ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. "మరి?"

మాట మార్చడానికి కూర గురించి ఎత్తాను. వంకాయ కూర కారంతో నాలుక మండిపోతోంది. మా వైపు ఇందులో కాస్త బెల్లం వేస్తామన్నాను. బల్ల దగ్గరున్న అమ్మాయిలందరూ ఒక్కసారి నవ్వారు. "కూరల బెల్లమా! గది కూరనా పాయసమా?" అంది ఒకమ్మాయి. నేనూ నవ్వాను. ఆ వారంలో ఆ హాస్టల్లో అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

ముద్ర

ఆదివారం నేత కుటుంబాలుండే వీధికి వెళ్లాను. సిద్దిపేట గొల్లభామ చీర పేరు వినే ఉంటారు. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడుస్తున్న గొల్లభామ బొమ్మని అంచులో నేస్తారు. ఆ బొమ్మ నేసే మగ్గాలు ఇప్పుడు చాలా కొద్ది. ఆ కొద్దిలో ఒకటి రాజమల్లు గారిది. డెబ్బై దాటిన మనిషి. నన్ను గుమ్మంలో చూడగానే చొక్కా తొడుక్కున్నారు.

"పీహెచ్‌డీనా, టీవీనా?" అన్నారు.

"పీహెచ్‌డీ అండి."

"మగ్గం ఎక్కాల్నా? ఫోటో దిగుతరా?"

నేను వద్దనేలోగా ఎక్కేశారు. నేను ప్రశ్న అడక్కుండానే జవాబులు మొదలయ్యాయి. చిన్నప్పుడు ఎన్ని మగ్గాలుండేవి, ఎందుకు పోయాయి, నూలు ధర, మరమగ్గం పోటీ, పిల్లలు ఎందుకు నేర్చుకోరు. నా కాగితం మీదున్న ప్రశ్నల వరస అదే. మధ్యలో ఒకచోట ఆగి, "గీడ మీరు బాధగున్నదా అని అడుగుతరు," అని చెప్పి, "బాధనే ఉంటది మరి," అని తనే జవాబిచ్చి ముందుకు వెళ్లారు. ఆయన వెటకారమాడలేదు. వచ్చినవాళ్ల టైము వృథా కాకూడదని అలవాటు చేసుకున్నారంతే. నేను వస్తానని రాసిపెట్టుకున్న చోటికి నాకంటే ముందు ఎంతమంది వచ్చి వెళ్లారో అప్పుడు అర్థమైంది.

పరిచయ లేఖ సంగతి బెరుకుగా చెప్పాను. ఆయన మగ్గం దిగి, లోపలి నుంచి ఒక రేకు డబ్బా తెచ్చారు. అందులో ఒక పాత చేనేత సంఘం లెటర్‌హెడ్లు, రబ్బరు ముద్ర ఉన్నాయి.

"సంఘం ఎప్పుడో బందయింది. ముద్ర నా తాననే ఉన్నది. మీరు రాసుకోన్రి, నేను సంతకం పెడ్త." ముద్ర తుడుచుకుంటూ, "ఎన్నేండ్ల సంది తెలుసని రాయాలె?" అని అడిగారు.

నిజం చెప్పడానికి నాకు మంచి అవకాశం అది. ఆయన కలం మూత తీసి నాకు అందించారు. "రెండేళ్లు," అన్నాను.

టీ తాగి బయటికి వచ్చాను. సాయంత్రం హాస్టలు మేడ మీద నిలబడి ఆ కాగితం ఫోటో తీసి పంపేశాను. స్వప్న వాళ్లు ఆదివారం కదాని కోమటి చెరువు కట్ట మీదికి షికారు వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. తలనొప్పిగా ఉందని వెళ్లలేదు.

చంద్లాపూర్ నీళ్లు

సోమవారం ఏం చేయాలో తోచలేదు. లేఖ వెళ్లిపోయింది. ఇంక ఎవరినీ కలవకపోయినా నడుస్తుంది. షేర్ ఆటో ఎక్కి చంద్లాపూర్ వెళ్లాను. ఊరి పక్కనే రంగనాయక సాగర్ జలాశయం. దారి పొడుగునా యాసంగి వరి పచ్చగా ఉంది. గట్ల మీద మోదుగుచెట్లు ఆకు రాల్చేసి ఎర్రటి పువ్వులతో నిలబడ్డాయి.

సెలవు రోజుల్లో జనం కిటకిటలాడతారట. ఆ రోజు పడవలు కట్టేసి ఉన్నాయి. మక్కకంకులు కాల్చే బండి ఒకటే ఉంది. ఒక కంకి ఇరవై రూపాయలు. కట్ట మీద కూర్చుని తింటూ నీళ్లు చూశాను. మా ఊరికి సముద్రం దగ్గర. సముద్రం ముందు ఒంటరిగా కూర్చున్నా ఒంటరిగా ఉండదు, అది ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. ఈ నీళ్లు ఏమీ అనవు. గంటసేపు కూర్చున్నాను. ఆ గంటలో నా ఫోను ఒక్కసారీ మోగలేదు. మోగడానికి నేనెక్కడున్నానో ఎవరికైనా తెలిస్తే కదా.

తిరుగు ఆటోలో పక్కన ఒకావిడ కూర్చుంది. యాభై అయిదేళ్లుంటాయి. సన్నగా, గట్టిగా ఉంది. చుట్టాలింటి నుంచి వస్తున్నట్టుంది, ఒళ్లో చింతచిగురు మూట. నన్ను పైనించి కిందదాకా చూసింది.

"ఒక్కదానివే వచ్చినవా?"

"అవునండి."

"నీళ్లకాడికి ఒక్కదానివే వచ్చి ఏం చూసినవ్?"

"ఏటీ లేదండి. ఊరికే."

"ఏటి అంటవేంది? ఏ ఊరు పిల్లా మీది?"

ఆ గద్దింపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు రోజుల్లో మ్యాడం అనీ మీరు అనీ అనకుండా, తన మాటలోనే నన్ను నువ్వని గద్దించిన మొదటి మనిషి ఆమె. పేరు బాలమణి. సిద్దిపేటలోనే నేతవాళ్ల వీధి చివర ఇల్లు. బీడీలు చేస్తుంది. భివండి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా తెలుసా అని అడిగాను.

"తెలుసుడేంది, మా ఆయన గాడనే ఉండె ఇరవై ఆరేండ్లు. రేపు రా. బీడీలు చేసుకుంట చెప్త."

బీడీల చాట

మంగళవారం వెళ్లేసరికి బాలమణి గారు గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు అనే పొగాకు పొడి. ఆకులో తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారం చుట్టి తెంపడం రెప్పపాటులో అయిపోతోంది. లోపలి గదిలో టీవీ చెవులు చిల్లులు పడేంత గట్టిగా మోగుతోంది. ఆమె భర్త నర్సయ్య గారు దాని ముందు కూర్చుని ఉన్నారు. నేను నమస్కారం పెడితే తలాడించి మళ్లీ టీవీ వైపు తిరిగారు.

నేను నా అంగీకార పత్రం తీశాను. పరిశోధనలో ఎవరితో మాట్లాడినా ముందు అది చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. తెలుగులోకి నేనే మార్చి రాసుకున్నాను. చదివాను. 'ఇందులో పాల్గొనడం వల్ల మీకు నేరుగా ఎలాంటి లాభమూ ఉండదు' అన్న వాక్యం దగ్గర ఆమె చేతులాగాయి.

"మళ్ల చదువు."

మళ్లీ చదివాను. ఆమె నవ్వింది. "గింత నిజం చెప్పినోళ్లను నేను సూడలే. అందరు లాభం ఉంటదనే వస్తరు." మళ్లీ చేతులు కదిలాయి. "మరి నీకు?"

"నాకేంటండి?"

"నాకు లాభం లేదు. నీకున్నదా?"

"ఫెలోషిప్పు వస్తే నాలుగేళ్లు నెలనెలా డబ్బిస్తారు."

"అంటే నా ముచ్చట నీకు జీతం."

ఆమె కోపంగా అనలేదు. లెక్క సరిగ్గా ఉందా లేదా అని తేల్చుకుంటున్నట్టు అంది. ఔనన్నాను.

"మీ ఊర్ల ఎవలు లేరా, ముచ్చట చెప్పేటోళ్లు?"

ఉన్నారు. మా పలాస చుట్టుపక్కల ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తారు. ఆ పిక్కలో నూనె చేతుల్ని కాల్చి నల్లగా చేస్తుంది. మా అమ్మ చేతులు అలాగే ఉంటాయి. చిన్నప్పుడు అన్నం కలిపి పెడుతుంటే అమ్మ వేళ్లు చూసి నేను మొహం తిప్పుకునేదాన్ని. ఇదంతా బాలమణి గారికి చెప్పాను. మరి వాళ్ల మీద ఎందుకు రాయలేదు అని అడిగింది. నన్ను తీసుకున్న ప్రొఫెసరు బట్టల పరిశ్రమ మీద పనిచేస్తుంది, ఫెలోషిప్పు డబ్బు దానికే ఉంది, అందుకని చెప్పాను. ఆ సంగతి నేను బయటికి అనడం అదే మొదటిసారి. దరఖాస్తులో దానికి ఒకటిన్నర పేజీ వేరే కారణాలు ఉన్నాయి.

ఆమె తన చేతులు చాచి చూసుకుంది. తంబాకు పట్టి గోళ్ల చుట్టూ పసుపుపచ్చగా మారాయి.

"నేను సంతకం పెట్ట బిడ్డా," అంది. "గా కాగితం లోపల పెట్టుకో. రేపు పగటీలికి రా. చింతచిగురు పప్పు చేస్త, బువ్వ తిని పో."

చింతచిగురు

బుధవారం మధ్యాహ్నం వెళ్లాను. నోట్‌బుక్కు హాస్టల్లోనే వదిలేశాను. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, నంజుకోవడానికి ఉల్లిగడ్డ, చల్ల. మా ఇంట్లో చింతచిగురు ఎండు రొయ్యలతో వండుతామంటే "అబ్బ, గది సుత మంచిగుంటది," అంది. బాలమణి గారూ అని నేను పిలిచినప్పుడల్లా నవ్వుతూ వచ్చింది, చివరికి "గారు ఏంది, పెద్దమ్మ అను," అని తేల్చేసింది.

నర్సయ్య గారికి కంచం ముందే పెట్టి లోపలికి ఇచ్చింది. ఆయన టీవీ ముందే తిన్నారు. "ఇంకింత పప్పు ఎయ్యనా?" అని ఆమె గట్టిగా కేకేసింది. ఆయన తిరగలేదు. మళ్లీ కేకేసింది. తర్వాత లేచి వెళ్లి వడ్డించి వచ్చింది.

"గా మిషిన్ల సప్పుడుకు చెవులు పోయినయి బిడ్డా. ఏదన్న రెండుమాట్ల అనాలె. మూడోమాటు అనబుద్ధి గాదు."

నేను అడగకుండానే తర్వాత ఇంకాస్త చెప్పింది. పెళ్లయిన ఏడాదికే ఆయన భివండి వెళ్లాడు. ఏడాదికోసారి వచ్చి పది రోజులుండి పోయేవాడు. ఇద్దరాడపిల్లల్ని తనే పెంచి పెళ్లిళ్లు చేసింది. ఆయన ఫోను చేస్తే వెనకాల మగ్గాల చప్పుడే వినపడేది, పైసలు పంపానని చెప్పి పెట్టేసేవాడు. ఇప్పుడు వయసయిపోయి, పని లేక, నాలుగేళ్ల కింద వచ్చేశాడు.

"ఇరవై ఆరేండ్లు నేను ఒక్కదాన్నే ఉన్న," అంది రొట్టె తుంచుతూ. "ఇప్పుడు ఇద్దరం ఒక్కొక్కళ్లమే ఉన్నం."

నా దరఖాస్తులో 'తిరిగి రావడం' అన్న మాట పదిహేనుసార్లు ఉంటుంది. అన్నిసార్లూ దాన్ని మంచి ముగింపు అన్నట్టే రాశాను.

"పెద్దమ్మా, ఈ ఒక్క మాట రాసుకోనా?"

"గదొక్కటి రాసుకో," అంది.

గురువారం మూడింటికి

హాస్టలు వైఫై పొద్దున్నే పోయింది. స్వప్న తన ఫోన్లోంచి నెట్ ఇచ్చి, మిగతా ఇద్దరమ్మాయిల్ని పుస్తకాలతో సహా మెట్ల మీదికి పంపించి, తను తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు గంటలకు తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో తెల్లజుట్టావిడ పెద్ద. వాళ్ల వెనక కిటికీలో మంచు పడుతోంది. ఇక్కడ ఫ్యాను గాలి నిప్పులా తగులుతోంది.

మొదటి ప్రశ్నలకు బాగానే చెప్పాను. తర్వాత తెల్లజుట్టావిడ కాగితం ఒకటి చూస్తూ అడిగింది. "రెండేళ్లుగా మీకు ఈ కుటుంబాలు తెలుసని ఈ లేఖలో ఉంది. ఈ రెండేళ్లలో ఒక ఇంట్లో మీ కళ్ల ముందు వచ్చిన మార్పు ఏదైనా చెబుతారా?"

చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉంది. 'ఇద్దరం ఒక్కొక్కళ్లమే ఉన్నం.' అనుమతి కూడా ఉంది. ఆయన తిరిగొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నట్టు, ఆ ఇల్లు మెల్లగా మూగబోవడం చూసినట్టు చెబితే ఆ ముగ్గురూ కదిలిపోతారు. ఎలా చెప్పాలో వాక్యాలు కూడా వరసగా వచ్చేస్తున్నాయి. నోరు తెరిచాను. ఆమె రొట్టె తుంచిన చేతులు కళ్ల ముందు ఆడాయి. నా నోట ఇంకోటి వచ్చింది.

"నేను ఈ ఊరొచ్చి ఆరు రోజులు, వాళ్లు తెలిసిందీ ఈ ఆరు రోజుల్లోనే. ఆ లేఖ నేనే రాసుకుని సంతకం పెట్టించుకున్నది. సంతకం పెట్టినాయన తప్పు లేదు, రెండేళ్లని చెప్పింది నేనే. దరఖాస్తులో రాసిన పరిచయం కూడా నిజం కాదు."

తెర మీద ముగ్గురూ కదల్లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. అప్పుడొకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తెల్లజుట్టావిడ, "సరే. ఆ ఆరు రోజుల్లో ఏం చూశారో చెప్పండి," అంది. పది నిమిషాలు చెప్పాను. ఆ ఇంట్లో మనుషుల పేర్లు చెప్పలేదు.

తలుపు తీసేసరికి స్వప్న లేచి నిలబడింది. ఇన్నాళ్లూ నాతో పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడిన పిల్ల, "ఎట్లయిందక్కా?" అని ఆత్రంగా అడిగింది.

"పోగొట్టుకున్నట్టున్నానమ్మా."

"కొచ్చన్లు రాలేదా?"

"వచ్చాయి. జవాబు తెలుసు. చెప్పలేదు."

ఆమెకు అర్థం కాలేదు. టీ తెస్తానని కిందికి వెళ్లింది. మెట్ల మీది అమ్మాయిలు లోపలికి వచ్చి మళ్లీ గోడల వైపు తిరిగి కూర్చున్నారు. నేను నా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

వచ్చిన దారి

శుక్రవారం బస్సెక్కే ముందు రాజమల్లు గారికి జరిగింది చెప్పి క్షమాపణ అడగడానికి వెళ్లాను. ఆయన మగ్గం మీదున్నారు. ఇద్దరు కుర్రాళ్లు కెమెరా పెట్టి తీస్తున్నారు. నా మాట పూర్తిగా విన్నారు. "పోనీ ఇంకోటి రాయాల్నా? ఈసారి ఏం రాయమంటరు?" అన్నారు. వద్దండి అన్నాను. ఆయన నావైపు తలాడించి, కెమెరా వాళ్లకు ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టారు.

బాలమణి పెద్దమ్మ ఇంటికి తాళం ఉంది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి ఉంటుందని పక్కింటివాళ్లు చెప్పారు. నర్సయ్య గారు లోపల టీవీ చూస్తూనే ఉన్నారు, ఎవరైనా వచ్చినా ఆయనకు వినపడదనేమో, ఆయన లోపలుండగానే తాళం వేసి వెళ్లింది. కిటికీలోంచి పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలవలేక వచ్చేశాను.

హైదరాబాదు బస్సులో ఈసారి కండక్టరు మగాయన. కార్డు అడగలేదు, నా మాట వినగానే టికెట్టు కొట్టేశాడు.

నెల రోజులకు మెయిలు వచ్చింది. నా నిజాయితీని మెచ్చుకుంటున్నామనీ, అయితే ఫెలోషిప్పు ఈసారి ఇవ్వలేమనీ రాశారు. సీటు ఒక ఏడాది దాకా అలాగే ఉంచుతారట. డబ్బుకు మాత్రం మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడు నేను సెలవు మీద పల్లెలో మా ఇంట్లో ఉన్నాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నేనొక అబద్ధం రాశాననే ఇంట్లో ఎవరికీ తెలీదు కాబట్టి, నిజం చెప్పి పోగొట్టుకున్నానంటే ఎవరికి అర్థమవుతుంది?

మూడో రోజు మధ్యాహ్నం బాలమణి పెద్దమ్మకు ఫోను చేశాను. బువ్వ తిన్న రోజు నంబరు తీసుకున్నాను కానీ ఎప్పుడూ చేయలేదు.

"ఎవలు?" అంది. చెప్పాను. గుర్తు పట్టలేదు. ఆటో, చింతచిగురు, శ్రీకాకుళం అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను.

"ఆఁ, ఏటి పిల్లవా! ఏమయింది నీ జీతం?"

"రాలేదు పెద్దమ్మా. ఇవ్వలేమన్నారు."

"ఇయ్యరా?" వెనకాల టీవీ మోత వినిపిస్తోంది. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. ఇంట్లోంచి బయటికి వచ్చినట్టుంది. "అయితే ఇప్పుడు నా ముచ్చటతోని నీకు ఏం పని లేదు."

"లేదు."

"సరె, అయితే ఇను," అంది.

ఇరవై ఆరేళ్లు ఆమె ఎలా ఉందో అప్పుడు చెప్పింది. నలభై నిమిషాలు పైనే. ఎవరికీ చెప్పనివి చెప్పిందనుకుంటాను. అవేమిటో ఇక్కడ రాయడం లేదు, రాసుకోమని ఆమె అనలేదు. మా పెరట్లో జీడిచెట్టు నీడలో అరుగు మీద కూర్చుని, చెవికి ఫోను ఆనించుకుని విన్నాను. చెబుతూ చెబుతూ ఆమె మధ్యలో ఆగేది.

"ఇంటున్నవా?"

"ఊఁ."

కొంతసేపటికి మళ్లీ. "బిడ్డా, ఇంటున్నవా?"

"ఊఁ, వింటున్నాను పెద్దమ్మా."

"ఆఁ," అని మళ్లీ మొదలుపెట్టేది. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.